గోల్‌పోస్టుల మధ్య ఒకే ఒక్క చోటు
పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

ఈ నెల మా క్రీడా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ల గురించి అడిగినవే ఎక్కువ. ఒకే సందేహాన్ని పలువురు పలు తీరుల్లో అడిగినందున వాటిని కలిపి కొన్ని ప్రశ్నలుగా కుదించాము. అడిగినవారి పేర్లు ఇవ్వకపోవడానికి కారణం అదే.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఒక కుర్రవాడు వృత్తి గోల్‌కీపర్ కావాలంటే ఏ దారిన నడవాలి? మిగిలిన ఆటగాళ్ల దారికీ అతని దారికీ తేడా ఉంటుందా?

జవాబు: మొదటి మెట్లు అందరికీ ఒకటే. క్లబ్‌ల అకాడమీలు ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులోనే పిల్లలను చేర్చుకుంటాయి. ఏటా కొందరిని ఉంచుకుని మిగిలినవారిని పంపించివేస్తాయి. 16 ఏళ్లకు నిలిచిన కొద్దిమందికి రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తాయి. 17 నిండిన తరువాత వృత్తి ఒప్పందం మీద సంతకం చేసే వీలుంటుంది. గోల్‌కీపర్ దారి చీలేది ఆ సంతకం తరువాతనే. మిడ్‌ఫీల్డ్‌లో చోటు దొరకని కుర్రవాడిని కోచ్ డిఫెండర్‌గా ఆడించి చూడవచ్చు, లేదా మ్యాచ్ చివరి ఇరవై నిమిషాలకు సబ్‌స్టిట్యూట్‌గా దింపి చూడవచ్చు. గోల్‌కీపర్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. జట్టుకు ఉన్నది ఒక్కటే చోటు. అందులో ఉన్నవాడు గాయపడితేనో, వరుసగా తప్పులు చేస్తేనో, మరో క్లబ్‌కు అమ్ముడుపోతేనో తప్ప రెండోవాడికి పిలుపు రాదు. సాటివాడి కీడు కోరకుండానే ఆ కీడు జరిగిన క్షణానికి సిద్ధంగా కూర్చోవడం ఈ వృత్తిలో సగం పని. అది మాట్లాడుకున్నంత తేలిక కాదు.

ఈ చిక్కుకు క్లబ్‌లు పట్టుకున్న ఉపాయం లోన్, అంటే కుర్రవాడిని కొన్ని వారాలకో, ఒక సీజన్‌కో కింది డివిజన్ క్లబ్‌కు పంపడం. ఇంగ్లండ్ జట్టులో ఏళ్ల తరబడి మొదటి గోల్‌కీపర్‌గా ఉన్న జోర్డన్ పిక్‌ఫర్డ్‌నే తీసుకుంటే, సండర్లండ్ అకాడమీలో పెరిగిన ఆయన్ను ఆ క్లబ్ 2012 మొదలుకొని డార్లింగ్‌టన్, ఆల్‌ఫ్రెటన్ టౌన్, బర్టన్ ఆల్బియన్, కార్లైల్ యునైటెడ్, బ్రాడ్‌ఫర్డ్ సిటీ, ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్‌లకు వరుసగా పంపింది. వీటిలో మొదటి రెండూ పై నాలుగు డివిజన్లకు వెలుపల, అయిదో అంచెలో ఆడుతున్న జట్లు. అకాడమీ మ్యాచ్‌లో కార్నర్ కిక్ వచ్చినప్పుడు గోల్‌కీపర్ మీద పడేది తన ఈడు పిల్లలే. అయిదో అంచెలో అతని పక్కటెముకలకు మోచేయి ఆనించి నిలబడేవాడు ముప్పై ఏళ్లు దాటినవాడు, ఆ వారం గెలుపు మీద జీతం ఆధారపడినవాడు. ఆ తోపులాటలో బంతిని చేజిక్కించుకోవడం ఏ అకాడమీ కూడా పూర్తిగా నేర్పలేదు.

పిక్‌ఫర్డ్‌కు సొంత క్లబ్ పెద్ద జట్టులో మొదటి మ్యాచ్ 2016 జనవరిలో, ఇంగ్లండ్ క్లబ్‌ల నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్‌లో ఆర్సెనల్ మీద దక్కింది. మరుసటి సీజన్‌లో ఆయన ఆడిన సండర్లండ్ జట్టు అట్టడుగున నిలిచి, పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌నుంచి జారిపోయింది. అయినా 2017 జూన్‌లో ఎవర్టన్ 2.5 కోట్ల పౌండ్లు చెల్లించి, ఆటను బట్టి మరో 50 లక్షలు కలిపేందుకు ఒప్పుకుని, ఆయన్ను కొనుక్కుంది. ఓడే జట్టులోని స్ట్రైకర్‌కు బంతే అందదు. ఓడే జట్టులోని గోల్‌కీపర్‌కు మాత్రం చేతినిండా పని ఉంటుంది, చూసేవారికి అతని సత్తా కనిపిస్తుంది.

అకాడమీ వద్దన్నంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు. నిక్ పోప్‌ను ఇప్స్‌విచ్ టౌన్ 16 ఏళ్లకే పంపించివేసింది. ఆయన బరీ టౌన్ అనే చిన్న జట్టులో ఆడుతూ కాలేజీలో చదువుకుంటుండగా 2011లో చార్ల్‌టన్ చేర్చుకుంది. 2018 ప్రపంచకప్‌కు వెళ్లిన ఇంగ్లండ్ ముగ్గురు గోల్‌కీపర్లలో ఆయన ఒకరు.

ప్రశ్న: పీలే తలతో కొట్టిన బంతిని గోర్డన్ బ్యాంక్స్ ఆపారని మా తాతగారు తరచు చెప్పేవారు. అంతకు మించి బ్యాంక్స్ గురించి మాకు ఏమీ తెలియదు. ఆయన జీవితమంతా ఆ ఒక్క బంతేనా?

జవాబు: కాదు, అయితే లోకం అలాగే గుర్తుంచుకుంది. ఆయన ఆట మొదలైన తీరు చూస్తే ఈ వృత్తి మీద ఎవరికైనా ఆశ కలుగుతుంది. 1937 డిసెంబర్ 30న షెఫీల్డ్‌లో పుట్టి, 15 ఏళ్లకు బడి మాని, బొగ్గును గోతాలకెత్తే పని, తరువాత తాపీపని చేసిన ఆయన, రామార్ష్ వెల్ఫేర్ అనే స్థానిక జట్టుకు ఆడిన మొదటి మ్యాచ్‌లో 12 గోల్స్ ఇచ్చుకున్నారు. కొద్ది రోజుల్లోనే వారు ఆయన్ను తప్పించారు. ఆ తరువాత చెస్టర్‌ఫీల్డ్ చేరదీసింది; ఆ క్లబ్ యువజట్టుతో 1956 ఎఫ్‌ఏ యూత్ కప్ ఫైనల్ దాకా వెళ్లి మాంచెస్టర్ యునైటెడ్ కుర్రవాళ్ల చేతిలో ఓడారు. జర్మనీలో సైనిక సేవ ముగించుకుని వచ్చాక 1958లో మొదటిసారి పెద్దల జట్టులో ఆడారు. మరుసటి ఏడాది లెస్టర్ సిటీ 7,000 పౌండ్లకు కొనుక్కుంది. అప్పటికి ఆటగాడి జీతం వారానికి 20 పౌండ్లు దాటకూడదన్న కట్టడి ఇంకా ఉంది. అది 1961లో గాని తొలగలేదు.

లెస్టర్‌తో ఆయన 1961లో, 1963లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్స్ ఆడి రెండూ ఓడారు, 1964లో లీగ్ కప్ గెలిచారు. మేనేజర్ ఆల్ఫ్ రామ్‌సే ఆయన్ను 1963లో ఇంగ్లండ్ జట్టులోకి తీసుకున్నారు. 1966 ప్రపంచకప్‌లో ఉరుగ్వే, మెక్సికో, ఫ్రాన్స్, అర్జెంటీనా జట్లలో ఒక్కటి కూడా ఆయన మీద గోల్ చేయలేకపోయింది. సెమీఫైనల్ చివరి పది నిమిషాలలో పోర్చుగల్ ఆటగాడు యుసేబియో పెనాల్టీతో గాని ఆ లెక్క తెగలేదు. ఇప్పటి రబ్బరు అరచేతుల గ్లవ్స్ ఆ రోజుల్లో లేవు. బ్యాంక్స్ చూయింగ్ గమ్ నమిలి, ఆ జిగురు ఉమ్మిని అరచేతులకు రాసుకుని బంతి జారకుండా చూసుకునేవారు. సెమీఫైనల్ రోజున ఆ గమ్ తేవడం మరిచిపోయిన సహాయ శిక్షకుడు హెరాల్డ్ షెపర్డ్‌సన్, జట్టు మైదానంలోకి దిగే వేళకు వెంబ్లీ బయట దుకాణానికి పరుగెత్తి తెచ్చారట. ప్రపంచకప్ సెమీఫైనల్ ఏర్పాట్లు ఆ కాలంలో ఎలా ఉండేవో ఊహించుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ప్రపంచకప్ గెలిచిన తొమ్మిది నెలలకే లెస్టర్ ఆయన్ను స్టోక్ సిటీకి అమ్మివేసింది. కారణం, 17 ఏళ్ల కుర్రవాడొకడు మొదటి జట్టులో చోటు ఇస్తేనే ఉంటానని పట్టుబట్టడం. ఆ కుర్రవాడి పేరు పీటర్ షిల్టన్. ఆయన సంగతి తరువాతి జవాబులో వస్తుంది. ఒకే చోటు అన్న మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు: ప్రపంచ విజేతకైనా ఆ చోటు శాశ్వతం కాదు.

ఇక పీలే బంతి. 1970 జూన్ 7, మెక్సికోలోని గ్వాదలహారా, ప్రపంచకప్‌లో బ్రెజిల్‌తో ఇంగ్లండ్ మ్యాచ్ మొదలై పది నిమిషాలు. కుడివైపు నుంచి జైర్జీనో గోల్‌లైన్ దాకా దూసుకువెళ్లి బంతిని ఎత్తుగా లోపలికి కొట్టాడు. అప్పటికి బ్యాంక్స్ ఆ వైపు పోస్టు దగ్గర నిలబడి ఉన్నారు. బంతి తలమీదుగా అవతలి పోస్టు వైపు వెళ్లింది. అక్కడ పీలే గాలిలోకి లేచి తలతో బలంగా కిందికి కొట్టాడు. కిందికి కొట్టడంలోనే చిక్కు ఉంది. నేరుగా వచ్చే బంతి ఎటు పోతుందో అంచనా వేయవచ్చు. గట్టి నేల మీద పడి లేచే బంతి ఎంత ఎత్తుకు లేస్తుందో కూడా లెక్క వేసుకోవాలి. బ్యాంక్స్ అడ్డంగా అడుగులు వేసుకుంటూ వచ్చి, కుడివైపుకు, కొంత వెనక్కు దూకి, నేలకు తగిలి పైకి లేస్తున్న బంతిని కుడిచేతితో మరింత పైకి ఎగదోశారు. అది క్రాస్‌బార్ మీదుగా బయటికి పోయింది. ఆ మ్యాచ్ బ్రెజిల్ 1–0తో గెలిచింది, గోల్ చేసింది జైర్జీనో. ఓడిన మ్యాచ్‌లోని ఒక సేవ్‌ను యాభై ఏళ్లు దాటినా జనం చెప్పుకోవడం విశేషమే.

వారం తరువాత లియోన్‌లో పశ్చిమ జర్మనీతో క్వార్టర్‌ఫైనల్. బ్యాంక్స్ కడుపులో అనారోగ్యంతో మంచం పట్టారు. ఆయన బదులు ఆడిన పీటర్ బొనెటి చెల్సీకి మంచి గోల్‌కీపరే, కాని అంత పెద్ద మ్యాచ్‌కు అప్పటికప్పుడు పిలుపు వచ్చింది. 2–0 ఆధిక్యంలో ఉన్న ఇంగ్లండ్ 3–2తో ఓడింది. బొనెటి ఇంగ్లండ్‌కు మళ్లీ ఆడలేదు. ఎదురుచూసిన పిలుపు అందినరోజే చివరి రోజు కావడం ఈ వృత్తిలో జరుగుతూనే ఉంటుంది.

పీలే బంతికన్న గొప్పదని ఈ జవాబు రాస్తున్నవారు భావించే సేవ్ మరొకటి ఉంది. 1971–72 లీగ్ కప్ సెమీఫైనల్‌లో వెస్ట్‌హామ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్, అంటే 1966 ఫైనల్‌లో మూడు గోల్స్ చేసిన బ్యాంక్స్ సహచరుడు, మొదటి మ్యాచ్‌లో పెనాల్టీ గోల్ చేశాడు. రెండో మ్యాచ్ అదనపు సమయం ముగుస్తుండగా మళ్లీ పెనాల్టీ, మళ్లీ హర్స్ట్. అదే బలంతో కొట్టిన బంతిని బ్యాంక్స్ ఈసారి క్రాస్‌బార్ పైకి మళ్లించారు. తరువాత మరో రెండు మ్యాచ్‌లు ఆడితే గాని సెమీఫైనల్ తేలలేదు. 1972 మార్చి 4న స్టోక్ 2–1తో చెల్సీని ఓడించి తన చరిత్రలో మొదటి పెద్ద కప్ గెలుచుకుంది. ఆ అక్టోబర్ 22న కారు ప్రమాదంలో బ్యాంక్స్ కుడికంటి చూపు పోయింది. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు, ఇంగ్లండ్‌కు 73 మ్యాచ్‌లు. బంతి ఎంత దూరంలో ఉందో రెండు కళ్లూ కలిసి చెప్పవలసిన పనిలో ఒక కన్ను పోతే ఏం మిగులుతుంది? అయినా 1977లో ఆయన అమెరికాలో ఫోర్ట్ లాడర్‌డేల్ స్ట్రైకర్స్ తరఫున ఆడి, ఆ ఏడాది అక్కడి లీగ్‌లో ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యారు. 2019 ఫిబ్రవరి 12న కన్నుమూశారు.

ప్రశ్న: ఇంగ్లండ్ పురుషుల జట్టు తరఫున అత్యధిక మ్యాచ్‌లు ఆడిన షిల్టన్, ఒక దశలో రే క్లెమెన్స్‌తో చోటు పంచుకున్నారని విన్నాము. ఇద్దరిని మార్చిమార్చి ఆడించడం ఏ రకమైన పద్ధతి?

జవాబు: ఎటూ తేల్చుకోలేని పద్ధతి. 1977 నుంచి 1982 వరకు మేనేజర్‌గా ఉన్న రాన్ గ్రీన్‌వుడ్‌కు ఇద్దరూ సమానంగానే కనిపించారు, చూసేవారికీ అలాగే కనిపించారు. క్లెమెన్స్‌ను లివర్‌పూల్ 1967లో స్కంథార్ప్ నుంచి 18,000 పౌండ్లకు తెచ్చి, రెండున్నరేళ్ల పాటు రిజర్వ్ జట్టులో కూర్చోబెట్టింది. చోటు దక్కిన తరువాత ఆయన యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోపియన్ కప్‌ను 1977, 1978, 1981లో గెలిచారు. 1978–79లో 42 లీగ్ మ్యాచ్‌లకు ఆ జట్టు ఇచ్చుకున్న గోల్స్ కేవలం 16. షిల్టన్ నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌తో 1978లో లీగ్, 1979లో, 1980లో యూరోపియన్ కప్ గెలిచారు. ఆ రెండు ఫైనల్స్‌లోనూ ఫలితం 1–0. యూరప్ దేశాల పోటీ అయిన యూరో 1980లో జరిగినప్పుడు ఇంగ్లండ్ ఆడిన మూడు మ్యాచ్‌లలో రెంటికి క్లెమెన్స్‌ను, నడుమ ఇటలీ మ్యాచ్‌కు షిల్టన్‌ను గ్రీన్‌వుడ్ ఆడించారు. 1982 ప్రపంచకప్ నాటికి షిల్టన్‌ను ఖాయం చేశారు; ఆ అయిదు మ్యాచ్‌లలో ఇంగ్లండ్ మీద పడింది ఒక్క గోల్. మొత్తం మీద షిల్టన్‌కు 125 మ్యాచ్‌లు, క్లెమెన్స్‌కు 61. క్లెమెన్స్ మరో పదేళ్లు ముందో వెనుకో పుట్టి ఉంటే వంద దాటేవారని వాదించేవారితో మాకు పేచీ లేదు.

ఇద్దరికీ వెంటాడిన తప్పులు ఉన్నాయి. 1973 అక్టోబర్ 17న వెంబ్లీలో పోలండ్ ఆటగాడు డొమార్‌స్కీ కొట్టిన బంతి షిల్టన్ శరీరం కిందుగా దూరిపోయింది. మ్యాచ్ 1–1తో ముగిసి ఇంగ్లండ్ 1974 ప్రపంచకప్‌కు దూరమైంది. 1976లో గ్లాస్గోలో స్కాట్లండ్ ఆటగాడు డాల్గ్లిష్ మెల్లగా తోసిన బంతి క్లెమెన్స్ కాళ్ల మధ్యగా వెళ్లింది. మరుసటి ఏడాది అదే డాల్గ్లిష్ లివర్‌పూల్‌లో చేరి క్లెమెన్స్‌కు సహచరుడయ్యాడు.

షిల్టన్ పేరు చెబితే చాలామందికి 1986లో మారడోనా చేతితో చేసిన గోలే గుర్తుకు వస్తుంది. దానికన్న చెప్పుకోదగినది ఆయన ఆడిన కాలపు పొడవు. మొదటి లీగ్ మ్యాచ్ 1966లో 16 ఏళ్లకు; ఇంగ్లండ్‌కు చివరి మ్యాచ్ 1990 ప్రపంచకప్ మూడో స్థానం కోసం ఇటలీతో, 40 ఏళ్లకు; వెయ్యో లీగ్ మ్యాచ్ 1996 డిసెంబర్ 22న లండన్‌లోని లేటన్ ఓరియంట్‌కు, 47 ఏళ్లకు. 1,005 దగ్గర ఆగారు.

ప్రశ్న: ఇప్పటి గోల్‌కీపర్లు చేతులకన్న కాళ్లనే ఎక్కువగా వాడుతున్నారు. బంతి ఆపడం వచ్చినవాడికి పాస్ ఇవ్వడం రాకపోతే తప్పేమిటి?

జవాబు: 1992కు ముందు తప్పేమీ లేదు. డిఫెండర్ ఇబ్బందిలో పడితే బంతిని వెనక్కి తన్నేవాడు, గోల్‌కీపర్ దాన్ని చేతుల్లోకి తీసుకుని, తాపీగా నేలకు కొట్టుకుంటూ కాలం గడిపేవాడు. 1990 ప్రపంచకప్‌లో ఈ కాలయాపన చూసేవారికి విసుగు పుట్టించింది. సహచరుడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేతితో తాకకూడదన్న నియమం 1992లో వచ్చింది. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్ కూడా అదే. అప్పటికే ముప్పై దాటిన గోల్‌కీపర్లు, చిన్ననాటి నుంచి ఎవరూ నేర్పని పనిని ఒక్క వేసవిలో నేర్చుకోవలసి వచ్చింది. 2019 నుంచి గోల్ కిక్‌ను, అంటే గోల్ ముందు నుంచి ఆటను తిరిగి మొదలుపెట్టే తన్నును, పెనాల్టీ ఏరియా లోపలే సహచరుడు అందుకోవచ్చునన్న మార్పు రావడంతో చిన్నచిన్న పాస్‌లతో ఆట మొదలుపెట్టే పని పూర్తిగా గోల్‌కీపర్ మీద పడింది. 2025–26 సీజన్ నుంచి బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తున్నారు. చివరి అయిదు సెకన్లను రెఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు.

ఈ మార్పు ఒక మనిషి వృత్తిని ఎంతగా తారుమారు చేయగలదో జో హార్ట్‌ను చూస్తే అర్థమవుతుంది. 2006లో ష్రూస్‌బరీ నుంచి మాంచెస్టర్ సిటీకి వచ్చి, 2012లో, 2014లో లీగ్ గెలిచి, సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు గోల్ ఇవ్వనివారికిచ్చే గోల్డెన్ గ్లవ్‌ను నాలుగుసార్లు అందుకుని, ఇంగ్లండ్‌కు 75 మ్యాచ్‌లు ఆడిన గోల్‌కీపర్ ఆయన. 2016 యూరోలో ఐస్‌లండ్ మ్యాచ్‌లో ఒక మామూలు బంతి ఆయన చేతికింద జారిపోయింది. ఆ వేసవిలోనే సిటీకి పెప్ గ్వార్డియోలా మేనేజర్‌గా వచ్చారు. ఆయనకు కావలసింది వెనుక నుంచి పాస్‌లు కట్టగల గోల్‌కీపర్. క్లాడియో బ్రావోను తెచ్చుకున్నారు, ఏడాదికి ఎడర్సన్‌ను తెచ్చుకున్నారు. 29 ఏళ్ల వయసులో, గోల్‌కీపర్లు పరిణతికి వచ్చే దశలో, హార్ట్ లోన్ మీద ఇటలీలోని టొరీనోకు వెళ్లారు. ఆ తరువాత వెస్ట్‌హామ్, బర్న్‌లీ, టోటెన్‌హమ్. గ్వార్డియోలా నిర్ణయం తప్పని జట్టు ఫలితాలను చూసి ఎవరూ అనలేరు. అయినా, ఆపడమే తన పని అని నేర్చుకుని, ఆ పని బాగా చేసినవాడికి, పని నిర్వచనమే మారిపోయిందని చెప్పడంలో కొంత కాఠిన్యం ఉంది. 2021లో స్కాట్లండ్‌లోని సెల్టిక్‌లో చేరిన హార్ట్ మూడు సీజన్లలో మూడు లీగ్‌లు గెలిచి, 2024లో ఆట చాలించారు.

ప్రశ్న: పిక్‌ఫర్డ్ నీళ్ల సీసా మీద ఏదో రాసి ఉంటుందని టీవీలో చూపించారు. అది ఏమిటి?

జవాబు: ప్రత్యర్థి జట్టులో ఎవరు పెనాల్టీ కొట్టవచ్చో, వారు ఎటువైపు కొడతారో చిన్న అక్షరాల్లో రాసిన పట్టిక. బంతికీ గోల్‌లైన్‌కూ దూరం 11 మీటర్లు. బలంగా కొట్టిన బంతి ఆ దూరాన్ని అర సెకను లోపే దాటుతుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. బంతి కదిలిన తరువాత దిశ చూసి దూకితే మూలకు అందుకోవడం దాదాపు అసాధ్యం. అందుకని, కొట్టేవాడి పాత అలవాట్లను ముందే లెక్కగట్టి, ఎటు దూకాలో నిర్ణయించుకుంటారు. 2024 జూలై 6న డ్యూసెల్‌డార్ఫ్‌లో స్విట్జర్లండ్‌తో జరిగిన షూటౌట్‌లో, అంటే సమంగా ముగిసిన మ్యాచ్‌ను పెనాల్టీలతో తేల్చే ఘట్టంలో, సీసా మీద అకాంజీ పేరుకు ఎదురుగా ఎడమకు దూకమని ఉంది. పిక్‌ఫర్డ్ ఎడమకు దూకారు, బంతి అటే వచ్చింది. ఆ పట్టిక అన్నిసార్లూ పనిచేయదు. 2018లో కొలంబియా మీద, ప్రపంచకప్ షూటౌట్‌లో ఇంగ్లండ్‌కు దక్కిన మొదటి గెలుపులో, బాక్కా బంతిని ఆయన ఆపింది అప్పటికే ఒక పక్కకు పడిపోతూ వెనుక మిగిలిన చేతిని పైకి విసిరి. దానికి లెక్కకన్న చురుకుదనమే ఎక్కువ సాయపడింది.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో మహిళా గోల్‌కీపర్లు కూడా దీనినే వృత్తిగా బతకగలుగుతున్నారా?

జవాబు: ఇప్పుడు బతకగలుగుతున్నారు, అదీ కొద్ది కాలంగానే. 1921లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన పరిధిలోని మైదానాలలో మహిళల మ్యాచ్‌లను నిషేధించి, అర్ధ శతాబ్దం పాటు ఆ నిషేధాన్ని సడలించలేదు. మహిళల సూపర్ లీగ్ పూర్తికాలపు వృత్తి లీగ్ అయినది 2018లో. నాటింగ్‌హమ్‌లో పుట్టిన మేరీ ఎర్ప్స్ లెస్టర్, డాంకాస్టర్, బర్మింగ్‌హమ్, బ్రిస్టల్, రెడింగ్ వంటి అనేక క్లబ్‌లు మారి, జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఒక సీజన్ ఆడి, 2019లో మాంచెస్టర్ యునైటెడ్‌కు చేరారు. ఇంగ్లండ్ జట్టు ఆమెను పక్కనపెట్టిన కాలంలో ఆట మానుకోవాలనుకున్నారు. 2021లో కొత్త మేనేజర్ సరీనా వీగ్‌మన్ పిలిచారు. ఏడాది తిరగకముందే 2022 యూరో గెలిచిన జట్టుకు ఆమె గోల్‌కీపర్. 2023 ప్రపంచకప్ ఫైనల్‌లో స్పెయిన్ చేతిలో ఇంగ్లండ్ 1–0తో ఓడినా, ఎర్మోసో పెనాల్టీని ఆమె ఆపారు, ఆ పోటీలో ఉత్తమ గోల్‌కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ అందుకున్నారు.

అదే ప్రపంచకప్‌కు ముందు, జట్టులో అందరి జెర్సీల నకళ్లనూ అమ్మిన దుస్తుల సంస్థ గోల్‌కీపర్ జెర్సీని మాత్రం అమ్మకానికి పెట్టలేదు. లక్షన్నర మందికి పైగా సంతకాలు చేసి అడిగిన తరువాత పెట్టింది, పెట్టినవి వెంటనే అమ్ముడైపోయాయి. 2025 మే నెలలో, మరో యూరోకు కొన్ని వారాల ముందు, ఎర్ప్స్ అంతర్జాతీయ ఆటకు స్వస్తి చెప్పారు. అప్పటికే హానా హాంప్టన్ మొదటి గోల్‌కీపర్ స్థానానికి వచ్చేశారు. ఆ యూరో ఫైనల్ షూటౌట్‌లో హాంప్టన్ రెండు పెనాల్టీలు ఆపి ఇంగ్లండ్‌ను గెలిపించారు.

ప్రశ్న: పెద్ద క్లబ్‌లలో మూడో గోల్‌కీపర్ అని ఒకరుంటారు. ఏళ్ల తరబడి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా జీతం తీసుకోవడం ఎలా సాధ్యం? అది అవమానం కాదా?

జవాబు: సాధ్యం కావడానికి ఒక కారణం నియమావళిలోనే ఉంది. ప్రీమియర్ లీగ్ క్లబ్ నమోదు చేసుకునే 25 మంది జాబితాలో స్వదేశీ శిక్షణ లేనివారు 17 మందికి మించకూడదు. 21 ఏళ్లు నిండేలోపు మూడు సీజన్ల పాటు ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్‌లో నమోదై ఉన్నవారినే స్వదేశీ శిక్షణ పొందినవారిగా పరిగణిస్తారు. మూడో గోల్‌కీపర్‌గా ఒక అనుభవజ్ఞుడైన ఇంగ్లిష్ ఆటగాడిని పెట్టుకుంటే ఆ లెక్కా సరిపోతుంది, ప్రాక్టీస్‌లో మొదటి గోల్‌కీపర్‌కు సాయమూ దొరుకుతుంది. రోజూ స్ట్రైకర్లు కొట్టే వందల బంతులకు ఎదురునిలిచేవాడు ఒకడు కావాలి కదా.

అవమానమా అన్నదానికి స్కాట్ కార్సన్ సంగతి చెబితే సరిపోతుంది. 2005 జనవరిలో ఆయన లీడ్స్ నుంచి లివర్‌పూల్‌కు వచ్చారు. ఆ ఏప్రిల్‌లో, 19 ఏళ్ల వయసులో, చాంపియన్స్ లీగ్ (పాత యూరోపియన్ కప్‌కు ఇప్పటి పేరు) క్వార్టర్‌ఫైనల్ మొదటి మ్యాచ్‌లో యువెంటస్ మీద ఆడారు, లివర్‌పూల్ 2–1తో గెలిచింది. అంతటి ఆశలు రేపిన కుర్రవాడికి ఇంగ్లండ్ తరఫున మొదటి పోటీ మ్యాచ్ 2007 నవంబర్ 21న, వర్షంలో తడిసిన వెంబ్లీలో, క్రొయేషియాతో. ఎనిమిదో నిమిషంలో క్రాంచార్ దూరం నుంచి కొట్టిన బంతి ఆయన ముందు నేలకు తగిలి, చేతులకు తగిలి, వలలోకి పోయింది. ఇంగ్లండ్ 3–2తో ఓడి 2008 యూరోకు అర్హత కోల్పోయింది. ఆ రాత్రి జట్టంతా పేలవంగా ఆడింది. మరునాడు నింద మాత్రం ఎక్కువగా ఆ 22 ఏళ్లవాడి వాటాకు వచ్చింది. స్ట్రైకర్ చేజార్చిన అవకాశం స్కోరుబోర్డు మీద కనబడదు, గోల్‌కీపర్ చేజార్చిన బంతి కనబడుతుంది. మొత్తం మీద ఇంగ్లండ్‌కు ఆయన ఆడినవి నాలుగే మ్యాచ్‌లు.

ఆ తరువాత వెస్ట్ బ్రామిచ్, టర్కీలోని బుర్సాస్పోర్, విగన్, డార్బీ క్లబ్‌లలో వందల మ్యాచ్‌లు ఆడి, 2019లో మాంచెస్టర్ సిటీకి మూడో గోల్‌కీపర్‌గా వెళ్లారు. 2025 దాకా సాగిన ఆ ఆరేళ్లలో ఆయన మైదానంలోకి దిగింది రెండుసార్లు. 2021 మేలో న్యూకాసిల్ మీద ఆడిన మ్యాచ్‌లో విలక్ పెనాల్టీని ఆపారు కూడా, కాని తిరిగివచ్చిన బంతిని విలక్ లోపలికి తన్నాడు. 2022 మార్చిలో స్పోర్టింగ్ లిస్బన్ మీద రెండో సగంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, ఎదురుగా ఒంటరిగా దూసుకువచ్చిన పౌలీనోను నిలువరించారు. 19 ఏళ్ల వయసులో లివర్‌పూల్ రిజర్వ్ గోల్‌కీపర్‌గా 2005 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను ఆయన బెంచి మీద కూర్చుని చూశారు. 37 ఏళ్ల వయసులో సిటీ మూడో గోల్‌కీపర్‌గా 2023 ఫైనల్‌నూ బెంచి మీద నుంచే చూశారు. రెండు ఫైనల్సూ ఇస్తాంబుల్‌లోని ఒకే స్టేడియంలో జరిగాయి, రెంటినీ ఆయన జట్టే గెలిచింది, రెండు పతకాలూ ఆయన దగ్గర ఉన్నాయి.